ఉద్యోగ భయం పట్టుకున్న ఇంట్లో ముందు ఏ ఖర్చు తగ్గించాలి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముందు మీరు ఇచ్చిన లెక్కను ఒకచోట పెడతాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీవారు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నారు, చేతికి 1,15,000 వస్తుంది. టీమ్‌లో సగం మందిని ఇప్పటికే ఇంటికి పంపేశారు. మీరు ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 28,000. ఇంటి లోను కిస్తీ 46,000, కారు కిస్తీ 14,500, క్రెడిట్ కార్డు మీద కొన్న ఫ్రిజ్, ఫోన్ల కిస్తీలు 9,000, చీటీ 10,000, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 12,000, పిల్లలిద్దరి ఫీజులు నెలకు లెక్కేస్తే 15,000, ఒంగోల్లో ఉన్న అత్తమామలకు 10,000, ఇంటి ఖర్చు 25,000. బ్యాంకులో ఎఫ్‌డీ 2,20,000. బంగారం 25 కాసులు. ఈ నెల నుంచి పనమ్మాయిని మానిపించి, పాలు లీటరు నుంచి అరలీటరు చేసి, పండ్లు ఆపేద్దామనుకుంటున్నారు. సిప్ ఆపాలా, బంగారం అమ్మి ఇంటి లోను కొంత కట్టేయాలా, అత్తమామలకు పంపేది తగ్గించాలా అని అడిగారు.

నేను 1984లో గుంటూరులో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో క్లర్కుగా చేరాను, 2021లో హైదరాబాద్‌లో ఆఫీసరుగా రిటైరయ్యాను. ఎక్కువ కాలం కూర్చున్నది బంగారం లోన్ల కౌంటర్లో, తర్వాత ఇంటి లోన్ల దగ్గర. 1991 విదేశీ మారకం కొరత, 2008 ప్రపంచ మాంద్యం, నోట్ల రద్దు, కరోనా, అన్నిసార్లూ జనం డబ్బు విషయంలో ఏం చేస్తారో కౌంటర్ ఇవతల నుంచి చూశాను. ఇప్పుడు మీరు చేయబోతున్న పనే నూటికి తొంభై ఇళ్లు చేశాయి. కంటికి రోజూ కనిపించే ఖర్చు మీద కత్తి పెట్టాయి, నెలకొకసారి ఖాతాలోంచి చప్పుడు లేకుండా వెళ్లిపోయే కిస్తీల జోలికి వెళ్లలేదు.

మీ లెక్కే చూడండి. పనమ్మాయికి 3,000, పాలలో తగ్గేది సుమారు 1,000, పండ్లు 1,500. అన్నీ కలిపితే నెలకు 5,500. ఇప్పుడు మీవారి జీతం ఆగిపోయిందనుకోండి. సిప్ ఎలాగూ ఆపేస్తారు. కిస్తీలు, చీటీ, ఫీజులు కలిపి 94,500. దానికి ఇంటి ఖర్చు, ఒంగోలు డబ్బు కలిపితే 1,29,500. మీ జీతం 28,000 పోను నెలకు లోటు 1,01,500. ఉన్న ఎఫ్‌డీ 65 రోజులకు అయిపోతుంది. పనమ్మాయిని మానిపించి, పిల్లల పాలు సగం చేసి, పండ్లు ఆపితే 69 రోజులు వస్తుంది. ఇంత కష్టపడితే కలిసొచ్చేది నాలుగు రోజులమ్మా.

అందుకే ముందు పాలు, పండ్లు అలాగే ఉంచండి. పనమ్మాయిని కూడా మానిపించకండి. మీరు ఉదయం ఏడింటికి స్కూలుకు బయల్దేరాలి, సాయంత్రం వచ్చి ఇద్దరు పిల్లల్ని చూసుకోవాలి. పైగా రాబోయే నెలల్లో ఇంట్లో నిలకడగా వచ్చే జీతం మీదొక్కటే కావచ్చు. మీ ఒంట్లో శక్తిని మూడు వేలకు ఖర్చు పెట్టుకోకూడదు. ఇంకో మాట కూడా ఉంది. మీ అపార్ట్‌మెంట్లో ఇరవై ఇళ్లు ఒకేసారి ఇలాగే ఆలోచిస్తే ఆ అమ్మాయి ఇల్లు నెల తిరక్కుండా వడ్డీకి అప్పు చేస్తుంది. కీన్స్ అనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త 1930లలో చెప్పింది ఇదే. ఒక ఇల్లు పొదుపు చేస్తే ఆ ఇంటికి మంచిది, ఊరంతా ఒకేసారి చేతులు ముడుచుకుంటే అందరి రాబడీ పడిపోతుంది. 2020లో లాక్‌డౌన్ నెలల్లో, ఏప్రిల్ నుంచి జూన్ వరకు, మన దేశ జీడీపీ అంతకు ముందు ఏడాది కంటే దాదాపు 24 శాతం పడిపోయింది. అది ఎక్కడో ఢిల్లీలో పడింది కాదు, మన గుమ్మంలో పనిచేసేవాళ్ల గిన్నెలో పడింది.

మాంద్యం వస్తోందని పేపర్లో రాకముందే మాకు పిగ్మీ పుస్తకాల్లో తెలిసిపోయేది. రోజువారీ డిపాజిట్లు వసూలు చేసే ఏజెంటు సాయంత్రం వచ్చి డబ్బు లెక్కపెట్టేవాడు. 2008 సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడుల బ్యాంకు దివాలా తీసింది. దీపావళి దాటేసరికి కూకట్‌పల్లిలో ఒక ఫర్నిచర్ షాపాయన రోజుకు 500 కట్టేది 200 చేశాడు, జనవరికి 50, ఆ తర్వాత ‘రేపు రండి’. హాస్టల్ మెస్‌లవాళ్లు తగ్గించారు. కిరాణా కొట్టాయన మాత్రం తగ్గించలేదు. ఒక కర్రీ పాయింట్ ఆయన రోజుకు 100 నుంచి 150కి పెంచాడు. హోటల్‌కు వెళ్లడం మానుకున్నవాళ్లు ఇంట్లో అన్నం వండుకుని కూర మాత్రం ఆయన దగ్గర కొనుక్కెళ్లేవారు. కష్టకాలంలో జనం ఖర్చు మానేయరు, మారుస్తారు. సోఫా, టీవీ, బండి లాంటివి వాయిదా వేస్తారు. చిన్న ప్యాకెట్‌కు దిగుతారు. 2019లో బిస్కెట్లు కూడా సరిగ్గా అమ్ముడుపోవడం లేదు, వేల ఉద్యోగాలు తీసేయాల్సి రావచ్చని పార్లే కంపెనీ చెప్పింది. ఆ మరుసటి ఏడు లాక్‌డౌన్‌లో అదే కంపెనీ పార్లే-జీ దశాబ్దాల్లో ఎన్నడూ లేనంతగా అమ్ముడైంది. చౌకగా ఆకలి తీర్చేది, నమ్మకంగా దొరికేది కావాల్సి వచ్చింది జనానికి.

అయితే 1991కీ ఇప్పటికీ పెద్ద తేడా ఉంది. 1991లో నా కౌంటర్‌కు వచ్చేవాళ్లకు కిస్తీలు లేవు. ఉంటే గింటే స్కూటర్‌దో, ఎక్కడో ఒకరికి ఇంటిదో. జీతం తగ్గితే తిండిలో, బట్టల్లో తగ్గించుకుంటే సరిపోయేది, ఎందుకంటే ఖర్చంతా అక్కడే ఉండేది. మీ అమ్మ, మా అమ్మ నేర్పిన పొదుపు ఆ రోజులది. ఇప్పుడు జీతం ఒకటో తారీఖున వస్తే అయిదో తారీఖుకు మూడింట రెండు వంతులు మన చేయి తగలకుండానే వెళ్లిపోతోంది. దేశం మొత్తం మీద కూడా ఇదే కథ. అప్పులు పోను కుటుంబాలు దాచుకున్న ఆర్థిక పొదుపు 2020-21లో జీడీపీలో 11 శాతం దాటింది, ఖర్చు పెట్టడానికి దారుల్లేక. 2022-23 నాటికి అది సుమారు 5 శాతానికి వచ్చింది, కొన్ని దశాబ్దాల్లో అదే తక్కువ. దాచుకోవడం మానేశారని కాదు, చేసిన అప్పులు దాచిన దాన్ని తినేశాయి.

ఇక చేయాల్సింది. ఈ వారంలోనే, మీవారి చేతిలో ఉద్యోగం ఉండగానే, ఇంటి లోను ఉన్న బ్యాంకుకు వెళ్లండి. రిజర్వ్ బ్యాంకు రెపో రేటు, అంటే అది బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, 2025 ఫిబ్రవరికి ముందు 6.5 శాతం ఉండేది, ఆ డిసెంబర్‌కు 5.25కు వచ్చింది. మీ లోను రెపోకు ముడిపడి ఉంటే వడ్డీ తగ్గే ఉంటుంది. కానీ కిస్తీ తగ్గిందా? చాలా బ్యాంకులు వడ్డీ తగ్గినప్పుడు కిస్తీని అలాగే ఉంచి, కట్టాల్సిన నెలల సంఖ్య తగ్గిస్తాయి. మామూలు రోజుల్లో అది మీకు లాభమే. ఇప్పుడు మీకు కావాల్సింది నెలవారీ భారం తగ్గడం. ‘నెలలు అలాగే ఉంచి కిస్తీ తగ్గించండి’ అని రాతపూర్వకంగా అడగండి. 50 లక్షల బాకీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే ఒకటింబావు శాతం తగ్గినందుకు కిస్తీలో దాదాపు మూడున్నర, నాలుగు వేలు తగ్గాలి. మీ లోను పాత పద్ధతిలో ఉంటే రెపోకు మార్చమనండి, దానికి కొంత ఫీజు తీసుకుంటారు, అయినా సరే. పాల దగ్గర కోత పెట్టి మిగిల్చే దానికి మూడు నాలుగు రెట్లు ఒక్క దరఖాస్తుతో వస్తుంది.

ఉద్యోగం పోతే కూడా బ్యాంకుకు ముందే చెప్పండి. కిస్తీ తప్పాక వెళ్లడం వేరు, తప్పకముందు వెళ్లడం వేరు. 90 రోజులు దాటి బాకీ ఉంటే ఖాతా మొండి బాకీ కింద పడుతుంది, ఆ తర్వాత మేనేజరు మంచివాడైనా చేతులు కట్టేసినట్టే. ఆ లోపు గడువు పెంచడం లాంటివి అడగొచ్చు. 2020 మార్చి 27న రిజర్వ్ బ్యాంకు మారటోరియం ప్రకటించినప్పుడు మా బ్రాంచికి ఫోన్ల మీద ఫోన్లు. కిస్తీలు మాఫీ అయ్యాయనుకున్నారు చాలామంది. అది వాయిదా మాత్రమే. ఆగస్టు 31 దాకా ఆరు నెలలు పొడిగింపు వాడుకున్నవాళ్లకు 40 లక్షల లోను మీద, 8 శాతం వడ్డీ లెక్కన, సుమారు 1,60,000 వడ్డీ బాకీ పేరుకుంది. జీతం ఆగినవాళ్లకు అది ప్రాణం పోసింది, వాళ్లు తీసుకోవడమే సరైన పని. జీతం పూర్తిగా వస్తున్నవాళ్లు కూడా తీసుకుని, మిగిలిన డబ్బుతో టీవీ కొనుక్కుని, తర్వాత వచ్చి నా ముందు కూర్చుని బాధపడ్డారు.

ఎఫ్‌డీ పగలగొట్టి కార్డు బాకీ కట్టేయాలా అంటే, రెండు రకాలుగా చెప్పాలి. ఫ్రిజ్, ఫోన్ల మీద నెలకింత అని రాసుకున్న కిస్తీలైతే ఇప్పుడు కదిలించకండి. బాకీ 90,000 ఉందనుకుంటే, అదంతా ఇచ్చి నెలకు 9,000 తప్పించుకున్నట్టు అవుతుంది. ఆ డబ్బు తిరిగి చేతికి రావడానికి పది నెలలు పడుతుంది. ఉద్యోగం ఊగుతున్నప్పుడు చేతిలో ఉన్న 90,000కే బలం ఎక్కువ. అదే కార్డు బిల్లులో ‘కనీస మొత్తం’ మాత్రమే కట్టి మిగతాది వదిలేస్తూ వస్తుంటే మాత్రం, అది ముందు తీర్చేయండి, ఎఫ్‌డీలోంచైనా సరే.

ఎందుకో మన లెక్కలో చెబుతాను. మనవాళ్లకు శాతాలు చెబితే తలకెక్కదు, నూటికి నెలకు ఎన్ని రూపాయలంటే వెంటనే అర్థమవుతుంది. పొదుపు సంఘాల ఆడవాళ్లకు ఇచ్చిన పావలా వడ్డీ ఏడాదికి 3 శాతం. మీ ఇంటి లోను ఇప్పుడు అటూ ఇటూగా అరవై అయిదు, డెబ్బై పైసల వడ్డీ. బ్యాంకులో బంగారం లోను ముప్పావలా, ఒక్కోచోట కాస్త ఎక్కువ. పర్సనల్ లోను రూపాయి నుంచి రూపాయిన్నర. కార్డు బాకీ వదిలేస్తే చాలా కార్డుల్లో మూడున్నర రూపాయల వడ్డీ, పైన జీఎస్టీ. గుంటూరు జిల్లాలో మా ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి అప్పిచ్చే ఆయన గుమ్మం తొక్కాలంటే జనం చీకటి పడ్డాక వెళ్లేవారు. ఇప్పుడు అంతకంటే ఎక్కువ వడ్డీని షాపింగ్ మాల్‌లో పట్టపగలు నవ్వుతూ తీసుకుంటున్నాం. ప్రతి అప్పు పక్కన ఇలా రూపాయల్లో వడ్డీ రాసి ఫ్రిజ్ మీద అతికించండి. ఏది ముందు తీర్చాలో ఇంట్లో అందరికీ కనిపిస్తుంది.

ఫోన్లో అయిదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి ఎంత అవసరమొచ్చినా వెళ్లకండి. 2020 చివర్లో హైదరాబాద్‌లో పోలీసులు ఈ కేసులే పట్టుకున్నారు. ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెట్టి పరువు తీయడం, ప్రాణాల మీదకు తేవడం, అన్నీ జరిగాయి. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు నిబంధనలు బిగించింది, అయినా దొంగ యాప్‌లు ఇంకా వస్తూనే ఉన్నాయి.

కారు మాట. ఈ నెల అమ్మమని చెప్పను. కానీ ఉద్యోగం పోయిన మొదటి నెలలోనే అమ్మాలని ఇప్పుడే ఇద్దరూ కూర్చుని మాట ఇచ్చుకోండి. నేను చూసిన ఇళ్లలో కారు ఆరో నెలలో అమ్మారు. అప్పటికి మూడు కిస్తీలు తప్పి, పెనాల్టీలు పడి, సిబిల్ స్కోరు (బ్యాంకులు చూసే అప్పుల రికార్డు) పాడై, అడిగిన ధరకు ఇచ్చేయాల్సి వచ్చింది. మొదటి నెలలో అమ్మితే లోను తీరి కొంత చేతికొస్తుంది, 14,500 కిస్తీ పోతుంది, పెట్రోలు, ఇన్సూరెన్స్ పోతాయి. కారు పోతే నలుగురూ ఏమనుకుంటారో అన్న బాధ నాకు తెలుసు. ఆ బాధ ఆరు నెలల వాయిదాకు తగ్గలేదు, ఎవరికీ.

సిప్ సంగతి. మీ దగ్గర రెండు నెలల డబ్బే ఉంది. కనీసం ఆరు నెలల లోటుకు సరిపడా చేతిలో ఉండాలి. అది లేకుండా షేర్లలోకి నెలకు 12,000 పంపడం నాకు ఇష్టం లేదు. ఆపండి, ఆ 12,000 ప్రతినెలా విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలోనో చిన్న ఎఫ్‌డీలోనో వేయండి. కానీ ఇప్పటిదాకా కూడబెట్టినదాన్ని భయపడి అమ్మకండి. 2020 మార్చి 23న ఒక్కరోజే షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 3,900 పాయింట్లకు పైగా పడింది. ఇంకో సూచీ నిఫ్టీ జనవరిలో 12,000 పైన ఉన్నది ఆ రోజు 7,610 దగ్గర ఆగింది. ఆ వారంలో అమ్మేసి వచ్చిన డబ్బును మా బ్రాంచిలో ఎఫ్‌డీ వేసినవాళ్లున్నారు. నవంబర్ నాటికి నిఫ్టీ పాత ఎత్తు దాటేసింది. ప్రతిసారీ ఇంత త్వరగా కోలుకుంటుందని నేను హామీ ఇవ్వలేను. 2008లో పడింది తేరుకోవడానికి చాలా ఎక్కువ కాలం పట్టింది. అందుకే చేతిలో డబ్బు ముందు, సిప్ తర్వాత అంటున్నాను. చేతిలో డబ్బు ఉన్నవాడికి అమ్మాల్సిన అవసరం రాదు.

చీటీ గురించి మీరు ఒక వాక్యంతో వదిలేశారు, కానీ మీ చేతిలో ఉన్న మంచి ఆయుధాల్లో అదొకటి. 5 లక్షల చీటీ, 22 నెలలు కట్టారు, ఇంకా పాడలేదు అన్నారు. రోజులు బాగా లేనప్పుడు అందరికీ డబ్బు ముందే కావాలి, కాబట్టి పాట లోతుకు పోతుంది. పాడుకునేవాడు ఎక్కువ వదులుకుంటాడు, కూర్చున్నవాళ్లకు డివిడెండ్ ఎక్కువ వస్తుంది. మీరు ఇప్పుడు కూర్చున్నవాళ్లలో ఉన్నారు, అలాగే కూర్చోండి. ఉద్యోగం పోతే పాడుకోండి. అయితే పాట మీ పేరున పడినంత మాత్రాన డబ్బు రాదు. జీతగాళ్లైన జామీనుదారులను తెమ్మంటారు, మీ జీతం స్లిప్పులూ అడుగుతారు. ఉద్యోగం పోయాక జామీనుకు ఎవర్నడిగినా మొహం తిప్పుకుంటారు. కాబట్టి జామీనుకు ఎవరు వస్తారో, కంపెనీకి ఏ కాగితాలు కావాలో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. ఇది రిజిస్టరైన చీటీ అయితేనే ఈ మాట. వీధిలో తెలిసినావిడ నడిపే చీటీ అయితే కష్టకాలంలో ముందు కూలేవి అవే, జాగ్రత్తగా బయటికి వచ్చే దారి చూసుకోండి.

ఇక బంగారం. అమ్మి ఇంటి లోను కట్టొద్దు. ఇంటి లోనులో వేసిన డబ్బు గోడలో కలిసిపోయినట్టే, రేపు అవసరానికి తిరిగి ఇవ్వమంటే బ్యాంకు ఇవ్వదు. డెబ్బై పైసల వడ్డీ అప్పు తీర్చడానికి చేతిలో ఉన్న ఒక్క ఆసరాను వదులుకోవద్దు.

తాకట్టు పెట్టొచ్చు, కానీ విడిపించే తేదీ తెలిసినప్పుడే. 1991 జులైలో విదేశీ మారకం (దిగుమతులకు కట్టాల్సిన డాలర్లు) దాదాపు అయిపోవడంతో రిజర్వ్ బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు పంపి తాకట్టు పెట్టింది. ఆ వారం పేపర్ల నిండా అదే. గుంటూరులో మా కౌంటర్‌కు ఒకావిడ మూడు కాసుల గొలుసు తెచ్చింది. అప్రైజరు గారు గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి, కళ్లజోడు పైకెత్తి చూస్తుంటే ఆవిడ నన్నడిగింది: ‘గవర్నమెంటు కూడా ఇట్టాగే తెచ్చుకుని నిలబడిందా అమ్మా?’ అవునన్నాను. ‘ఎప్పుడు విడిపిస్తారంట?’ అంది. నాకు జవాబు తెలియలేదు. ఆవిడకు మాత్రం తన తేదీ తెలుసు. మిర్చి డబ్బు ఉగాదికి వస్తుంది, అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ వద్దు అంది. మేం ఇవ్వగలిగినదాంట్లో సగమే తీసుకుంది. ఉగాది ముందు వారం తాకట్టు రసీదు మడత నలక్కుండా తెచ్చి గొలుసు మెళ్లో వేసుకుని వెళ్లింది.

2020 ఆగస్టులో బ్యాంకులు బంగారం విలువలో 90 శాతం దాకా అప్పు ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు తాత్కాలికంగా అనుమతించింది. ఆ నెలలోనే పది గ్రాముల ధర 56,000 తాకింది. జనం ఇస్తామన్నంతా తీసుకున్నారు. మార్చి వచ్చేసరికి ధర 44,000-45,000కు దిగింది. బంగారం విలువ కంటే బాకీ ఎక్కువైన ఖాతాలు నా టేబుల్ మీదే ఉన్నాయి, వేలం నోటీసుల మీద సంతకాలు పెట్టింది నేనే. రిటైర్మెంట్‌కు ముందు నేను చేసిన పనుల్లో మనసుకు అన్నిటికంటే బరువుగా ఉన్నది అది. మీకు అవసరమొస్తే ఎంత ఇస్తారన్నది చూడకండి, ఎంత విడిపించగలరో అంతే తీసుకోండి. 25 కాసుల్లో అయిదు కాసులతో మొదలుపెట్టండి. మిగతావి లాకర్లో ఉన్నాయన్న ధైర్యం కూడా ఆ రోజుల్లో అవసరం.

ఎక్కువ వడ్డీ ఇస్తామనేవాళ్లు ఇలాంటి రోజుల్లోనే గుమ్మంలోకి వస్తారు. మా నాన్నగారు రిటైర్మెంట్ డబ్బులో 3 లక్షలు, బ్యాంకులో నేనున్నా వినకుండా, రెండు శాతం ఎక్కువ వస్తుందని ఒక సహకార బ్యాంకులో వేశారు. అది 2001లో మూతపడింది. అప్పట్లో డిపాజిట్ బీమా ఒక లక్షే. ఆ లక్ష కూడా చాలా ఆలస్యంగా వచ్చింది. 2020 ఫిబ్రవరి నుంచి ఆ బీమా బ్యాంకుకు, ఒక్కో మనిషికి 5 లక్షలు. మీ ఎఫ్‌డీ ఆ లోపే ఉంది, భయం లేదు. బ్యాంకు కాని సంస్థలకు ఈ బీమా ఉండదు. అగ్రిగోల్డ్ బాధితులను అడిగితే చెబుతారు.

మీరు అడగనిది ఒకటుంది. ఆరోగ్య బీమా కంపెనీదే అని రాశారు. ఉద్యోగంతో పాటు అదీ పోతుంది. మీ నలుగురికీ సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. కొత్త పాలసీలో ప్రమాదాలు తప్ప మిగతావాటికి మొదటి 30 రోజులు వర్తించదు, ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. అందుకే ఉద్యోగం ఉండగానే ఆ గడియారం మొదలవ్వాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా లేదు. సిప్ ఆపిన డబ్బులో మొదటి వాటా దీనికే ఇవ్వండి. ఆసుపత్రి బిల్లుతో కుదేలైనన్ని ఇళ్లు నేను ఉద్యోగం పోయి కుదేలైనవి చూడలేదు.

స్కూలు ఫీజు టర్ముల వారీగా కట్టే వీలు అడగండి. మీరు అదే రంగంలో ఉన్నారు, ఎవరితో ఎలా మాట్లాడాలో నాకంటే మీకే బాగా తెలుసు. ఏడాది మధ్యలో పిల్లల్ని మార్చకండి.

చివరిగా ఒంగోలు డబ్బు. మీ ప్రశ్నలో ఈ ఒక్క లైను చదివి నేను ఆగిపోయాను: ‘అత్తయ్య వాళ్లకు ఇంకా ఏం చెప్పలేదు, మావారు చెప్పొద్దన్నారు.’ 2020లో బంగారం లోనుకు వచ్చిన మగవాళ్లలో చాలామంది కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి అడిగేవారు, ‘మేడమ్, మెసేజ్ మా ఆవిడ నంబర్‌కు వెళ్లకుండా చూడండి’ అని. తెచ్చింది ఆవిడ గాజులే. అలా దాచినవాళ్లే వడ్డీ కూడా కట్టలేక నోటీసు దాకా వచ్చారు. ఇంట్లో తెలిసి వచ్చిన జంటలు తక్కువ తీసుకున్నారు, త్వరగా విడిపించుకున్నారు. మీవారు మీకు అన్నీ చెప్పారు, అది పెద్ద విషయం. తల్లిదండ్రుల దగ్గరే ఆగిపోయారు.

పదివేలు ఇప్పుడే తగ్గించకండి. ముందు ఆ డబ్బు ఒంగోల్లో దేనికి ఖర్చవుతోందో తెలుసుకోండి. మందులకు ఎంత, అద్దెకు ఎంత, మీ పేరు చెప్పి పక్కన దాచిపెడుతున్నది ఎంత. చాలామంది పెద్దవాళ్లు పిల్లలు పంపిన డబ్బులో సగం మనవల పేరున బ్యాంకులో వేస్తుంటారు, నా కౌంటర్‌లోనే ఎంతమందికి ఆ పుస్తకాలు రాసిచ్చానో. ఈ ఆదివారం మీవారిని ఫోన్ చేయమనండి. వీలైతే ఫోన్ కాకుండా రైలెక్కి వెళ్లి రమ్మనండి, కారు వద్దు. అన్నం తిన్నాక మామయ్యగారి పక్కన కూర్చుని, ఆఫీసులో పరిస్థితి ఇలా ఉంది నాన్నా అని చెప్పమనండి. ఆయన పనిచేసిన రోజుల్లో కూడా జీతాలు ఆగిన నెలలు ఉండే ఉంటాయి. అప్పుడు ఇల్లు ఎలా నడిపారో అత్తయ్యగారిని అడగమనండి.

కిస్తీ తగ్గించమని బ్యాంకుకు పెట్టే దరఖాస్తు ఎలా రాయాలో కావాలంటే అడగండి, రాసి పెడతాను. మీ లోను రెపోకు ముడిపడిందో లేదో శాంక్షన్ లెటర్‌లో వడ్డీ రేటు ఉన్న చోట రాసి ఉంటుంది, ముందు అది చూసి చెప్పండి.